అరవై నాలుగు ఊపిర్లు

ఒకటో రోజు

ఇది మిల్లు పుస్తకం. లెక్కల మిల్లులో ఏ చక్రం అరిగింది, నూనె ఎప్పుడు పెట్టాను, ఎవరు ఎంతసేపు తొక్కారు అన్నవే ఇందులో రాయాలి. ఇవాళ అవి రాయబుద్ధి కావడం లేదు. కంబగిరి చిన్నాయన చూస్తే గొణుగుతాడు. గొణగనీ, ఊరి పెద్ద అన్నాక గొణగడమేగా పని.

పొద్దున దీపాలు వెలిగిన కాసేపటికి మంచు బావి తలుపు పడిపోయింది. ఊరి బయట పీల్చే గాలి ఉండదు, అందుకే బావిలో గాలి తగ్గితే అది దానంతటదే మూసుకుంటుంది. లోపల మంచు కోస్తున్నవాళ్ళు ఆరుగురూ, మా బావా. బావ అంటే నా మొగుడు మద్దిలేటి. పెళ్ళికి ముందు నుంచీ నోటికి అలవాటైన పిలుపు, పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా మారలేదు.

లోపల గాలి పీపాలున్నాయి. అందరికీ కలిపి నలభై ఒక్క రోజులు వస్తాయి. తిండికి, నీళ్ళకు కరువు లేదు. పక్క నుంచి మంచు తొలుచుకుంటూ పోవాలంటే మూడు నెలలు.

తలుపు తెరుచుకోవాలంటే దానికి సంఖ్య చెప్పాలి. ఈ ఊరికి పునాది వేసినవాళ్ళు ఆ సంఖ్యను అరవై నాలుగు ముక్కలు చేసి అరవై నాలుగు ఇళ్ళకు పంచారు. ఒక్క గుక్కలో చెప్పగలిగినంత ఒక ముక్క, అందుకే దాన్ని ఊపిరి అంటాం. అరవై నాలుగు వేర్వేరు గొంతులు వరసగా చెబితేనే తలుపు వింటుంది. ఏడాది పొడుగునా కొట్టుకు చచ్చేవాళ్ళు తలుపు దగ్గరైనా కలుస్తారని వాళ్ళ ఆశ కాబోలు.

మధ్యాహ్నం అందరం నిలబడి చెప్పాం. ఎవరూ తడబడలేదు. తలుపు వింటున్నంతసేపూ దాని మీద వెలిగే చెవి దీపం ఆరిపోయింది, తలుపు మాత్రం కదల్లేదు. తప్పు చెబితే తలుపు ముప్పై రోజులు చెవి మూసుకుంటుంది. ముప్పై ఒకటో రోజున మళ్ళీ ఒక్కసారి వింటుంది. అంటే మాకు మిగిలింది ఒకే ఒక్కసారి.

సాయంత్రం బావి ఫోనులో బావ నన్ను పేరు పెట్టి పిలిచాడు.

“ఏమ్మే ఉరుకుందా, తలుపు తెరుచుకోలేదే?”

“తెరుచుకోలేదు బావా. ఎవురో తప్పు చెప్పినారు.”

“అయితే నేను కాదులే, నేను లోపలుండా.”

నవ్వాడు. ఇలాంటప్పుడు నవ్వే మనిషిని కట్టుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నాలుగో రోజు

సంఖ్యను రాయకూడదు, ఊపిర్లను లెక్కపెట్టకూడదు అని మా ఊళ్ళో కట్టుబాటు. ఎవరి ఊపిరి లెక్కపెడితే వాళ్ళ ఆయుష్షు తరుగుతుందట. ఇన్నేళ్ళలో సంఖ్యలో మొత్తం ఎన్ని అంకెలున్నాయో కూడా ఎవరికీ తెలియకపోవడానికి ఇదే కారణం. మూడు రోజులు వాదించుకున్నాక కంబగిరి చిన్నాయన ఒప్పుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చాను. పన్నెండు వందల తొంభై ఒక్క అంకెలు.

మిల్లుకు ఎక్కించి అయిదు గంటలు తొక్కించాను. విరిగేదే అని తేలింది.

కొత్తగా మిల్లు తొక్కేవాళ్ళు ఈ పుస్తకం చదివితే అర్థం కావాలి కాబట్టి రాస్తున్నాను. మా సంఖ్య విరగనిది. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దాన్ని భాగించలేదు. బడిలో ప్రధాన సంఖ్య అంటారు, ఇళ్ళల్లో విరగనిది అంటాం. పునాదివాళ్ళు కావాలనే అలాంటిదాన్ని ఎంచుకున్నారు. ఎక్కడైనా ఒక్క అంకె చెడినా అది దాదాపుగా విరిగేదే అయిపోతుంది, తప్పు జరిగిందని మిల్లు పట్టేస్తుంది. అంతవరకూ బాగానే ఆలోచించారు. కానీ తప్పు ఎక్కడుందో మిల్లు చెప్పదు. అది రెండును దానితోనే హెచ్చించుకుంటూ, మా సంఖ్యను మించినదల్లా తీసేసుకుంటూ పోతుంది. ఆఖరున ఒకటి మిగిలితే విరగనిది, ఇంకేం మిగిలినా విరిగేది. అవును, కాదు అని తప్ప మూడో మాట దాని నోట రాదు.

అందరూ నన్నే చూస్తున్నారు. ఏటా కూడిక పండగనాడు ప్రతి ఇల్లూ తన ఊపిరిలోని అంకెలు కూడి చెబుతుంది, అన్నీ కలిపి తొమ్మిదులు తీసేస్తే నాలుగు మిగలాలి. ఏటా నాలుగే మిగిలింది. ఇవాళా నాలుగే మిగిలింది. కూడిక సరిపోయి సంఖ్య ఎలా చెడుతుందో చెప్పమంటాడు చిన్నాయన. నాకేం తెలుసు.

ఆరో రోజు

ఎవరైనా పక్కపక్క అంకెలు తారుమారు చేసి ఉంటే కూడిక మారదు. అదే అయ్యుంటుందని రెండు రోజులుగా తారుమారు చేసి చూస్తున్నాను. రోజుకు నాలుగే తిప్పగలం. ఇలాంటి చోట్లు వెయ్యికి పైనే ఉన్నాయి. ఈ లెక్కన ముసలిదాన్ని అయిపోతాను.

బావి మంచే ఊరికి నీళ్ళు కాబట్టి ఊళ్ళో నీళ్ళు సగానికి తగ్గించారు. మా అత్త తిప్పమ్మ తన వంతు నీళ్ళలో కొంచెం మిగిల్చి దీపం కింద కొత్తిమీర మొక్కలకు పోస్తోంది, కొడుకు వచ్చాక చారులో వేయాలట.

ఆరున్నొకటో రోజు

బావకు దగ్గు పట్టుకుంది. చలికి అంటాడు. “నువ్వు ఆ మిల్లు దగ్గరే పడుండొద్దు మ్మే, రొంత తిను,” అంటాడు. బావిలో ఇరుక్కున్నది ఆయన, బుద్ధులు చెప్పేది నాకు.

ఇంకో నాలుగు తారుమార్లు. అన్నీ విరిగేవే.

తొమ్మిదో రోజు

ఎన్ని తిప్పామో లెక్క చూద్దామని ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. పై శీర్షిక దగ్గర కన్ను ఆగిపోయింది. ఆరున్నొకటో రోజు. మొదటి పేజీలో చూస్తే ఆరుగురూ, మా బావా. అది రాసినప్పుడు నాకు తెలియనే లేదు.

మా ఇళ్ళల్లో ఆ అంకె పలకం. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని పెద్దవాళ్ళు ఆరున్నొకటి అనేవాళ్ళు, మాకూ అదే వచ్చింది. పిల్లలు ఏడుపు మొదలెడితే ఆరున్నొక్క రాగం అందుకున్నాడు అంటాం, ఎందుకంటామో ఆలోచించం. ఊపిరి చెప్పేటప్పుడు మాత్రం ఏడును ఏడనే చెప్పాలని కట్టుబాటు. నేను లెక్కలు చేసే మనిషిని, ఇలాంటి పిచ్చి నమ్మకాలు నాకు లేవు అని అందరి ముందూ విర్రవీగినదాన్ని. నా చేతిరాతే నన్ను పట్టిచ్చింది.

పరుగున ఇంటికి పోయి అత్తను ఊపిరి చెప్పమన్నాను. అది ఆమె పుట్టింటి ఊపిరి. అన్నదమ్ములు మిగలక ఆమెతోనే మా ఇంటికి వచ్చింది. కళ్ళు మూసుకొని చెప్పింది. మధ్యలో ఒకచోట ఆరు, ఒకటి. చివర మళ్ళీ ఆరు, ఒకటి.

“అత్తా, అది ఆరు, ఒకటా? ఆరున్నొకటా?”

“రెండూ ఒకటే కదమ్మే.”

“ఒకటి కాదత్తా. నీకెవురు నేర్పినారు?”

“మాయమ్మ. జ్వరాల కాలంలో. అప్పుడు నాకు ఆరేండ్లు. మా తమ్ముడు పోయినాడు కదా, ఇంగ మాయమ్మ నోట ఆ మాట వచ్చేది కాదు. ఆరున్నొకటి అని మెల్లగా అనేది.”

ఇంకేం కావాలి. జ్వరాల కాలంలో పిల్లలు పోయిన ఇళ్ళల్లో తల్లులు ఏడు అనలేకపోయారు. పక్కన కూర్చుని నేర్చుకున్న పిల్లలకు అది ఆరు, ఒకటి అని వినబడింది. ఒక అంకె పోయి రెండు వచ్చి చేరాయి. ఆరూ ఒకటీ కలిపితే ఏడే కాబట్టి కూడిక పండగనాడు ఏ లోటూ కనబడలేదు. ఈ మధ్యలో తలుపు ఒక్కసారీ పడలేదు, అరవై అయిదేళ్ళు మేం పండగ చేసుకున్నది ఈ తప్పుకే.

అత్త నా ముఖం చూసి, “నా వల్లనా?” అని అడిగింది. కాదన్నాను.

పదమూడో రోజు

పిల్లలను పోగొట్టుకున్న ఇళ్ళ ఊపిర్లలో ఆరు, ఒకటి పక్కపక్కన ఉన్న చోట్లు పదకొండు. వాటిలో కొన్ని మొదటి నుంచీ ఆరు, ఒకటే అయ్యుండొచ్చు, కొన్ని ఏడు అయ్యుండొచ్చు. ఒక్కో చోటికి రెండు దారులు. పదకొండు చోట్లకు రెండువేల నలభై ఎనిమిది సంఖ్యలు. అందులో ఒకటి మాది.

ఆ కాలంలో నేర్చుకున్నవాళ్ళు అయిదుగురే బతికున్నారు. వాళ్ళను కూర్చోబెట్టి నాలుగు రోజులు ప్రాణాలు తోడేశాను. ఒకామె చెబుతూ చెబుతూ నిజంగానే ఏడ్చేసింది. నాలుగు చోట్లు ఖాయమయ్యాయి, అత్త ఊపిరి మధ్యలోది అందులో ఒకటి, అది ఏడే. చివరిది మాత్రం ఆమెకు గుర్తు లేదు. ఇంకా ఏడు చోట్లు మిగిలాయి. నూట ఇరవై ఎనిమిది సంఖ్యలు. పదకొండు, పదమూడు, పదిహేడు లాంటి చిన్నవాటితో భాగించి చూసి సగానికి పైగా అక్కడే కొట్టేశాను. యాభై తొమ్మిది మిగిలాయి. రోజుకు నాలుగు చొప్పున పదిహేను రోజులు చాలు.

ఈ పుస్తకంలో మొదటిసారి ధైర్యంగా ఉంది అని రాస్తున్నాను.

ఇరవై రెండో రోజు

ముప్పై మూడో సంఖ్య. ఒకటి మిగిలింది. నమ్మలేక రెండుకు బదులు మూడుతో తిప్పాం, అయిదుతో తిప్పాం. ఒకటే మిగిలింది. విరగనిదే.

మిల్లు తొక్కేవాళ్ళు కింద పడుకొని నవ్వుతున్నారు, కాళ్ళు వాచిపోయాయి. ఈ సంఖ్యలో అత్త ఊపిరి చివర ఏడు ఉంది. అత్తకు చెబితే, “ఇంగ ఆపు తల్లీ, ఆ సంఖ్యే చెప్తాం,” అంది. చిన్నాయనా అదే అన్నాడు. మిగిలినవి చూడకుండా వదలడం నా వల్ల కాలేదు. సగంలో వదిలేసే జన్మ కాదు నాది.

ఇరవై ఎనిమిదో రోజు

అప్పుడే ఆపేసి ఉంటే బాగుండేది. యాభై ఏడో సంఖ్య కూడా విరగనిదే.

రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే ఒక్క చోట తేడా. అత్త ఊపిరి చివర. ముప్పై మూడో దానిలో ఏడు, దీనిలో ఆరు, ఒకటి. మిగతా అంకెలన్నీ ఒకటే. రెండింటినీ ఏదీ భాగించలేదు. రెండింటి కూడికా నాలుగే. మిల్లు చెప్పగలిగిందంతా చెప్పేసింది. ఒక్క అంకె చెడితే దాదాపుగా విరిగేదే అవుతుంది అని నేనే రాశాను. ఆ దాదాపు మా ఇంట్లోనే వచ్చి కూర్చుంది.

ఫోనులో బావకు చెప్పాను. చాలాసేపు దగ్గాడు.

“అమ్మనే అడుగు మ్మే. లెక్కలు ఇంగేం జేస్తాయి.”

ముప్పయ్యో రోజు

అత్త రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. గుర్తు రాని దాని కోసం బలవంతపెడితే ఏదో ఒకటి కల్పించుకుంటుందని నేను నోరు మూసుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం, మొక్కలకు నీళ్ళు పోస్తూ పోస్తూ తనే చెప్పింది.

“మా తమ్ముడు ఉన్నప్పుడు మాయమ్మ ఊపిరి మొత్తం చెప్పి, ఆఖర్న ఏడు అని నా ముఖం చూసేది. నేను ఉత్తుత్తిగా ఏడ్చేదాన్ని. వాడు నవ్వేటోడు. రోజూ అదే ఆట. ఆ ఆట ఆఖరి ఏడు దగ్గరే మ్మే, మధ్యలో ఏడు దగ్గర కాదు. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది.”

ఆమె కళ్ళల్లో సందేహం లేదు. నేనూ నమ్మాను. ఏడు అనే తేల్చాం.

ఆమె బదులు నేను చెబితే మేలని చిన్నాయన అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. “నా కొడుకు తలుపు. నేను చెప్తా,” అంది. అప్పటి నుంచి రాత్రి దాకా ముప్పైసార్లు చెప్పించాను. ఒక్కసారి కూడా తప్పలేదు. చివర ఏడు, స్పష్టంగా. సరేనన్నాను. ఆ సరే అన్నది నేనే, ఇంకెవరూ కాదు.

ముప్పై ఒకటో రోజు

చెవి దీపం వెలిగింది. లోపలివాళ్ళు కూడా వినాలని బావి ఫోను ఎత్తి తలుపు పక్కనే పెట్టాం. మొదటి ఇల్లు మొదలుపెట్టింది. మా అత్తది ముప్పై ఎనిమిదో వంతు. మోచెయ్యి పట్టుకొని పక్కనే నిలబడ్డాను.

ఆమె తలుపు మీద అరచెయ్యి ఆనించింది. అది ముప్పైసార్ల చెప్పుడులోనూ చేయని పని. చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఏడు, బాగా చెప్పింది. చివరికి వచ్చేసరికి ఆగి, తలుపును నిమిరి, పిల్లాడికి చెప్పినంత మెల్లగా అంది. ఆరు, ఒకటి.

తర్వాతి ఇల్లు అందుకుంది. మధ్యలో ఆపినా తప్పు కిందే లెక్క, సరిదిద్దినా తప్పు కిందే లెక్క. అక్కడ నిలబడ్డవాళ్ళలో నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. ఇంకా ఇరవై ఆరు ఇళ్ళు ఉన్నాయి. ఒక్కొక్కరూ ముందుకొచ్చి, ఎంతో జాగ్రత్తగా, ఒక్క అంకె పొల్లుపోకుండా చెబుతున్నారు. నేను అక్కడే నిలబడి వింటున్నాను. అత్త అన్నది ఆ రెండో సంఖ్యే కదా, అదీ విరగనిదే కదా, అదే మాదేమో, ఆమె నోటికి నాకన్నా ఎక్కువ తెలుసేమో అనుకున్నాను. ఇరవై ఆరు ఇళ్ళూ అయ్యేదాకా అదే అనుకుంటూ నిలబడ్డాను.

దీపం ఆరిపోయింది. తలుపు కదల్లేదు.

“సరిగ్గా చెప్పినా కదమ్మే?” అంది అత్త.

“చెప్పినావత్తా.”

“అయితే నీ మిల్లే తప్పు.”

“అవునత్తా. మిల్లుదే తప్పు.”

అందరూ వెళ్ళాక ఫోను తీసుకున్నాను. బావే ముందు మాట్లాడాడు.

“విన్నా మ్మే.”

ఫోనును చెవికి అదుముకున్నాను.

“మాయమ్మ ఆ మాట నా తలుపు దగ్గర యాడ అంటాది. అనదు. ఆమెకు చెప్పొద్దు.”

“చెప్పనులే.”

“ఒట్టు?”

“ఒట్టు బావా.”

ముప్పై మూడో రోజు

నాకు అత్త మీద కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఆమె నిద్రపోతుంటే ముఖం చూసి, ఒక్క మాట కదా, ఒక్క మాట అనలేకపోయావా అనుకున్నాను. తర్వాత నా మీద వచ్చింది. అది ఇంకా పోలేదు.

రెండు విరగని సంఖ్యల్లో ఒకదాన్ని తలుపు కాదంది. అంటే మిగిలినదే మాది, చివర ఏడు ఉన్నది. ఇప్పుడు సందేహమే లేదు. వందేళ్ళలో ఎవరికీ తెలియనంత కచ్చితంగా మా సంఖ్య మాకు తెలుసు. చెప్పడానికి తలుపుకు చెవి లేదు. ఆ చెవి మళ్ళీ అరవై ఒకటో రోజునే తెరుచుకుంటుంది. గాలి నలభై ఒకటో రోజు దాకానే.

చిన్నాయనకు ఒక్కడికే నిజం చెప్పాను, చెప్పకపోతే అరవై ఒకటో రోజున ఊరు మళ్ళీ తప్పు సంఖ్యే చెబుతుంది. “ఆ పొద్దు మీ అత్తను తప్పించి మేము ఎవురినైనా నిలబెడతాం,” అన్నాడు. అంతే. నన్ను ఒక్క మాటైనా తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది.

మిగిలిన గాలి ఇద్దరికే అయితే అరవై ఒకటో రోజు దాకా వస్తుంది. అది పెద్ద లెక్కేం కాదు, లోపలివాళ్ళూ వేసే ఉంటారు. నేను అడగలేదు, బావ చెప్పలేదు.

ముప్పై ఎనిమిదో రోజు

ఫోనులో ఏడుగురి గొంతులూ వినబడుతున్నాయి. ఒక్కొక్కరి ఇంటివాళ్ళు వచ్చి వంతులవారీగా మాట్లాడుతున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో నేను వినను. మిల్లు ఆపేశాను. నూనె పెట్టాను, అంతే.

అత్త ఊరందరికీ మిల్లు తప్పు చెప్పిందని చెబుతోంది. నీళ్ళ దగ్గర ఒకాయన నా ముఖం మీదే అన్నాడు, ఆ ఇనుప ముక్కను నమ్మి చెడ్డామని. నిజమేనన్నాను.

నలభయ్యో రోజు

దీపాలు వెలగగానే బావ ఫోను చేశాడు. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడు, వాక్యాలు చిన్నవైపోయాయి. నాతో కొత్తగా ఏమీ చెప్పలేదు. తిన్నావా అంటే తిన్నా అన్నాను. నాకు ఆయన లేకుండా ఎలా ఉండాలో తెలియదు అని చెప్పాను. తెలుసులే అన్నాడు.

తర్వాత అమ్మను పిలవమన్నాడు. అత్తను కూర్చోబెట్టి ఫోను చెవికి పెట్టాను, నా చెవి కూడా ఆనించాను.

“మా, ఊపిరి ఒకసారి చెప్పు. చిన్నప్పుడు నిద్రబుచ్చేదానివి కదా, అట్ల.”

“ఇప్పుడెందుకు నాయనా?”

“ఊరికే. వినాలనుంది.”

అత్త కళ్ళు మూసుకొని చెప్పింది. తొందరపడలేదు. ఇరవై ఒక్క అంకెలు, ఒక్కొక్కటీ విడివిడిగా. మధ్యలో ఏడు. చివరికి వచ్చి, గుక్క మిగుల్చుకొని, గట్టిగా, నవ్వుతూ అంది.

“ఏడు.”

అవతల దగ్గు వినబడింది.

“బాగా చెప్పినావు మా,” అన్నాడు బావ. “ఒక్క అంకె తప్పలేదు.”

అత్త ఫోను నా చేతికిచ్చి, చూశావా అన్నట్టు నా వైపు చూసింది. చూశానని తల ఊపాను.